గిడుగు రామమూర్తి పంతులు

నూరు సంవత్సరములకు పైబడిన మాట. మద్రాసు రాజధానిలో స్కూలు ఫైనలు పరీక్షకు చదువుచున్న తెలుగు విద్యార్థులకు ఒక వింత చిక్కు వచ్చిపడెను. ప్రశ్నపత్రము చేతికి రాకపూర్వమే వారు ఒక నిర్ణయము చేసికొనవలసి వచ్చెను. తెలుగు వ్యాసమును కావ్యభాషలో వ్రాయుటయా, ఆధునిక భాషలో వ్రాయుటయా? ఈ రెండింటిలో ఏదైనను వ్రాయవచ్చునని 1912-13 ప్రాంతమున ప్రభుత్వమువారు సెలవిచ్చియుండిరి. మొదటి మార్గము కష్టమైనదనియు, రెండవది సులభమైనదనియు పలువురు తలచిరి. సులభమైన దానిని ఎన్నుకొన్నయెడల తమ పిల్లలను సోమరులుగా నెంచుదురేమో యని తలిదండ్రులును, తాము చెప్పు చదువునకు విలువ తగ్గునేమో యని పండితులును కలతపడిరి. తెలుగుదేశములో ఒక్క పరీక్షను గూర్చి ఇంత వాదము అంతకు ముందెన్నడును చెలరేగియుండలేదు. ఆ వాదమునకు నడుమ నిలిచిన ఉపాధ్యాయుడే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, నేటి శ్రీకాకుళము ప్రాంతమున, వంశధారానదీ తీరమందలి పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు ఆ తాణాలో రెవెన్యూ ఉద్యోగి. బాలునకు పండ్రెండేండ్లు వచ్చువరకు చదువు సొంతయూరిలోనే సాగెను. 1875లో తండ్రిగారికి చోడవరమునకు బదిలీ అయినది. ఆ యూరిలో ఆయనకు విషజ్వరము తగిలి, ఆ సంవత్సరమే ప్రాణములు కోల్పోయిరి. ఇంటికి ఆధారమైన చెట్టు కూలినట్లయ్యెను. మేనమామగారి అండ లభించుటచే బాలుని చదువు ఆగలేదు. విజయనగరములో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో ఆయన చేరిరి. ఆ పాఠశాలలోనే గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. ఈ ఇరువురు బాలురును పెద్దవారై తెలుగు వ్రాతనే మార్చివేయుదురని ఆ తరగతిలో పాఠము చెప్పిన గురువులు ఊహించియుండరు.

1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. వివాహము కూడ ఆ సంవత్సరమే జరిగెను. పై చదువునకు పోవుటకు ఇంటి పరిస్థితులు అనుకూలింపలేదు. మరుసటి సంవత్సరము, అనగా తమ పదునేడవ యేట, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. మొదటి ఫారము పిల్లలకు చరిత్ర చెప్పవలెను. జీతము నెలకు ముప్పది రూపాయలు. పర్లాకిమిడి ఆనాడు గంజాము జిల్లాలోని జమీందారీ పట్టణము. అచ్చటికి రైలు కూడ లేదు. నౌపడా నుండి చిన్న రైలుబండి 1900లో గాని నడవలేదు. అడవులు, కొండలు, చలిజ్వరము గల ఆ మారుమూల పట్టణమున ఒక పడుచు ఉపాధ్యాయుడు తన చదువు ఇంతటితో ముగిసినదని తలచినను తప్పుపట్టదగిన పని లేదు.

రామమూర్తిగారు అట్లు తలపలేదు. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, మిగిలిన వేళలలో తాము విద్యార్థులై ప్రైవేటుగా పరీక్షలకు చదువసాగిరి. నేడు పెద్ద పరీక్షకు ముందు మీకు నమూనా పరీక్షలు పెట్టుదురు. తప్పులు దిద్ది, ఏ పాఠము బలహీనముగా నున్నదో చూపుదురు. ప్రైవేటుగా చదువు వానికి ఆ సదుపాయము లేదు. ప్రశ్న వేసికొనువాడును తానే, జవాబు వ్రాయువాడును తానే, దిద్దువాడును తానే. ఇట్లు కష్టించి 1886లో ఎఫ్.ఏ. పరీక్షలో గెలిచిరి. ఆ సంవత్సరముననే ఆయన నేస్తము అప్పారావుగారు బి.ఏ. పట్టమును పొందిరి. కళాశాలలో చదివిన మిత్రుడు నాలుగు మెట్లు ముందుండగా, తాను వెనుకబడితినను చింత ఆయనకు కలిగెనో లేదో మనకు తెలియదు. తెలిసినది మాత్రము ఇది: ఆయన తొందరపడలేదు, విడిచిపెట్టనూ లేదు.

ఆనాటి మద్రాసు విశ్వవిద్యాలయపు బి.ఏ. పరీక్ష మూడు భాగములుగా నుండెడిది. ఆంగ్లభాష యొక భాగము. రెండవ భాష యొక భాగము. విద్యార్థి తాను కోరుకొన్న శాస్త్రము మూడవ భాగము. ఈ భాగములను వేర్వేరు సంవత్సరములలో పూర్తిచేయుటకు వీలుండెను. మూడవ భాగమున గణితము, ప్రకృతిశాస్త్రము, తత్త్వశాస్త్రము, చరిత్ర మొదలగు వానిలో ఒకదానిని ఎన్నుకొనవలసియుండెను. ఏ శాస్త్రములో మార్కులు సులభముగా వచ్చునని ఆరా తీయువారు ఆనాడును లేకపోలేదు. రామమూర్తిగారు చరిత్రను ఎన్నుకొనిరి. అది వారు పదునాలుగేండ్లుగా బోధించుచున్న విషయము గనుక సులభమని తోచవచ్చును. కాని తాను నిత్యము చెప్పు పాఠములోనే తనకు తెలియనిది ఎంత యున్నదో బోధించువానికే బాగుగా తెలియును. 1894లో మొదటి రెండు భాగములును, 1896లో చరిత్రయును పూర్తిచేసి పట్టభద్రులైరి. మెట్రిక్యులేషను నాటినుండి లెక్కించినచో పదునేడు సంవత్సరములు. అప్పటికి వారికి ముప్పదిమూడేండ్లు.

చరిత్రపై వారికిగల ప్రేమ పరీక్షతో పుట్టినదియు కాదు, పరీక్షతో తీరినదియు కాదు. పర్లాకిమిడికి చేరువనే వంశధార ఒడ్డున శ్రీముఖలింగము అను క్షేత్రమున్నది. అచ్చటి మధుకేశ్వరాలయమున గంగవంశపు రాజులు చెక్కించిన శాసనములు అనేకము కలవు. పాఠ్యపుస్తకములో ఢిల్లీ రాజుల వరుస యుండెను గాని, తమ ఊరి పొరుగున రాతిపై నున్న రాజుల మాట లేదు. రామమూర్తిగారు ఆ ప్రాచీన లిపిని స్వయముగా నేర్చుకొని, గోడలమీది అక్షరములను ఒక్కొక్కటిగా కూడబలుకుకొని చదివిరి. నడగాము అను చోట దొరకిన వజ్రహస్తుని తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా అను పరిశోధనపత్రికలో ప్రకటించిరి. ఆ శాసనము శక సంవత్సరము 979 నాటిది. గంగరాజుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే యని వారు వాదించిరి. మొదటి ఫారము పిల్లలకు పాఠములు చెప్పుకొను ఒక ఉపాధ్యాయుని మాటను దేశ విదేశ పండితులు చెవియొగ్గి వినిరి. ఈలోగా రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగెను. రామమూర్తిగారు పై తరగతులకు కూడ బోధింపసాగిరి.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు అను గిరిజనులు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు; అది ముండా కుటుంబమునకు చెందినది. ఆనాడు దానికి లిపి లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణము అంతకన్న లేదు. ఆ పిల్లలను తెలుగు బడిలో కూర్చుండబెట్టినచో వారికి గురువు చెప్పునది తెలియదు, గురువునకు వారు చెప్పునది తెలియదు. రామమూర్తిగారు ఈ సంగతిని ఆలోచించి, సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పవలెనని తీర్మానించుకొనిరి. అందుకు ముందు తాము ఆ భాష నేర్వవలెను. తెలుగును సవరయును తెలిసిన ఒకనిని తమ యింటనే ఉంచుకొని, వాని నోటినుండి మాట మాటగా నేర్చుకొనిరి. గొంతులో ఊపిరిని ఒక్క క్షణము బిగబట్టి విడుచునట్టి ధ్వని ఆ భాషలో కలదు. తెలుగు చెవికి అది వినబడుటయే కష్టము. అట్టి ధ్వనులను పట్టుకొనుటకై ఐరోపా శాస్త్రజ్ఞులు వ్రాసిన భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివిరి. పిమ్మట సవరలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములు కూడ తామే యిచ్చిరి. ఆయన జీతము ఎంతటిదో పైన చెప్పియుంటిమి. తరువాత కొంత పెరిగినను అది ఉపాధ్యాయుని జీతమే.

ఈ కొండదారుల తిరుగుడులో మలేరియా జ్వరము వారిని పట్టుకొనెను. దానికై పుచ్చుకొన్న క్వినైను మందు జ్వరమును తగ్గించినది గాని వారి వినికిడిని హరించెను. అన్యభాషను చెవితో విని నేర్చుకొన్న మహానుభావునకు చెవుడు ప్రాప్తించుట విధి వైపరీత్యమే. అయినను పని ఆగలేదు. ముప్పదియైదేండ్ల కృషి ఫలముగా వారి సవర వ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వమువారు ముద్రించిరి. కుమారులు సీతాపతిగారు కూడ తండ్రివెంట ఆ భాషను నేర్చి ఆ కృషిలో పాలుపంచుకొనిరి. ప్రభుత్వమువారు రామమూర్తిగారికి 1913లో రావుసాహెబు బిరుదమును, అటుపిమ్మట కైసర్-ఇ-హింద్ పతకమును ఇచ్చి గౌరవించిరి.

ఇక పరీక్షల సంగతికి వత్తము. 1907 ప్రాంతమున యేట్సు అను ఇంగ్లీషు దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆయన తెలుగు నేర్చుకొనుచుండెను. పుస్తకములో తాను చదివిన తెలుగు వీధిలో ఎవ్వరును మాటలాడరు; వీధిలో విన్న తెలుగు పుస్తకములో కానరాదు. చిన్న తరగతులలో పిల్లలు అర్థము తెలియని మాటలను వల్లెవేయుట ఆయన చూచెను. దీనికి కారణమేమని విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా నున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. ఈ సంశయమును తీర్పగలవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి యను ఇద్దరేయని ఆయన తెలిపెను. ఈ విధముగా ఒక విదేశీయుని అమాయకమైన ప్రశ్న నలుగురిని ఒకచోట చేర్చినది. సవరపిల్లవానికి వాని యింటిభాషలో చదువు చెప్పవలెనని పాటుపడుచున్న రామమూర్తిగారికి, తెలుగు పిల్లవాని కష్టము అప్పుడు కొత్తగా కంటబడెను. తెలుగు పిల్లవాడును తన యింటిభాషను వాకిటనే విడిచి బడిలోనికి పోవుచున్నాడు గదా!

ఆ కష్టమెట్టిదో తెలియుటకు ఒక ఉదాహరణము చెప్పెదము. ఆ కాలమున కృష్ణా జిల్లాలోను, 2022 నుండి ఏలూరు జిల్లాలోను చేరియున్న నూజివీడు ప్రాంతము మామిడితోటలకు ప్రసిద్ధము. అచ్చటి రైతుబిడ్డ నొకనిని ఊహింపుడు. వానికి చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు అను కాయల తారతమ్యము చూడగనే తెలియును. పూత ఎప్పుడు రాలునో, పిందె ఎప్పుడు నిలుచునో తెలియును. పొడవైన గడకు చిక్కము కట్టి కాయ నేలబడకుండ కోయుట తెలియును. తొడిమ విరిగినచో సొన కారి కాయ మచ్చపడునని తెలియును. గడ్డి పరచి కాయలను మాగవేయుట తెలియును. పరీక్షలో మామిడితోటను గూర్చి వ్యాసము వ్రాయుమని అడిగిరనుకొనుడు. ఇంత తెలిసిన బాలుడు పేజీలు నింపవలసినది. కాని వాని కలము కదలదు. మామిడి అనుటకు మారుగా చూతమనియో, మాకందమనియో, సహకారమనియో వ్రాయవలెనని గురువు చెప్పియున్నాడు. రసములు తిని పెరిగిన వాడు రసాలమని వ్రాయవలెను. చిక్కము అను మాట కావ్యములలో నున్నదో లేదో వానికి తెలియదు. ఉన్నను ఈ యర్థమున నున్నదో లేదో అంతకన్న తెలియదు. సొన అనినచో గ్రామ్యమని ఎఱ్ఱసిరా గీత పడునేమో! కావున వాడు తోట సంగతి విడిచిపెట్టి, వసంతకాలమున కోకిలలు కూయుచున్నవని నాలుగు కంఠస్థవాక్యములు వ్రాసి లేచిపోవును. తోటలో ఏనాడును అడుగుపెట్టని పట్టణపు బాలుడును అవే నాలుగు వాక్యములు వ్రాయును. వీరిద్దరిలో ఎవరికేమి తెలియునో పరీక్షకుడు ఏవిధముగా కనుగొనగలడు?

రామమూర్తిగారి వాదములోని సారము ఇదియే. శిష్టులు, అనగా చదువుకొన్నవారు, తమలో తాము మాటలాడుకొను తెలుగునందు పాఠములు చెప్పవలెను, వ్యాసములు వ్రాయవలెను. నోటికి వచ్చినట్లు వ్రాయుమని ఆయన ఎన్నడును చెప్పలేదు. వాడుకభాషకును కట్టుబాట్లు కలవనియు, వానిని గుర్తించి నేర్పవలెననియు చెప్పిరి. ప్రాచీన కావ్యములను చదువవలదనియు ఆయన అనలేదు. వానిని ఆయన చదివినంతగా చదివినవారు ఎదిరిపక్షములోనే అరుదు. నన్నయ తిక్కనల భాషలో నన్నయ తిక్కనలను చదువుము, నీ భాషలో నీ సంగతి వ్రాయుము అనునదియే ఆ వాదము. ఈ పాఠము నడచుచున్న శైలియైనను ఆయన కోరిన శైలి కాదు. దీనిని చదువుచు మీరు ఎక్కడెక్కడ తడబడితిరో గుర్తుపెట్టుకొన్నయెడల, ఆనాటి విద్యార్థి కష్టము మీకు కొంత తెలిసివచ్చును.

1911లో రామమూర్తిగారు ముప్పది సంవత్సరముల ఉపాధ్యాయవృత్తిని విరమించి, పూర్తికాలమును ఈ ప్రయత్నమునకే వినియోగించిరి. వీరి కృషి ఫలించి, మొదట చెప్పిన ఉత్తరువు వెలువడినది. ఆధునికభాష యనగా ఎట్టిదో విద్యార్థులకు తెలియుటకై ఆ ఉత్తరువులో రెండు పుస్తకములను మచ్చుగా చూపిరి. ఒకటి బ్రౌనుదొర కూర్చిన తెలుగు రీడరు. రెండవది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసునుండి కాశికి బయలుదేరి, దారిలో చూచినదానిని చూచినట్లు వ్రాసికొనిన పెద్దమనిషి. అట్టి పుస్తకము పరీక్షకు ఆదర్శమగుటయే ఒక విప్లవము.

అంతట తుపాను రేగెను. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున మద్రాసులో నెలకొనిన ఆంధ్రసాహిత్యపరిషత్తు ఈ మార్పును తీవ్రముగా నెదిరించెను. వేదము వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి మహాపండితులు ఆ పక్షమున నిలిచిరి. వీరిని అల్పులుగా నెంచరాదు. వారి భయములో న్యాయము లేకపోలేదు. పరీక్షలో రెండు దారులున్నప్పుడు విద్యార్థి సులభమని తోచిన దారినే పట్టుననియు, ఒక తరము గడచునప్పటికి భారతమును చదివి యర్థము చేసికొనువారే యుండరనియు వారు తలచిరి. జిల్లా జిల్లాకు మాట మారుచుండగా, విశాఖపట్టణపు బాలుడు వ్రాసినదానిని కడప పరీక్షకుడు ఏ కొలతతో కొలుచునని అడిగిరి. ఇది నిజముగా చిక్కు ప్రశ్నయే. అన్ని జిల్లాలకును పొత్తుగానున్నది పుస్తకభాష యొక్కటేయని వారి నమ్మకము.

రామమూర్తిగారి జవాబు విచిత్రమైనది. కావ్యభాష కష్టమైనదని ఆయన అంగీకరించిరి. ఎంత కష్టమైనదనగా, దానిని తప్పులేకుండ వ్రాయగలవాడు పండితులలో కూడ లేడనిరి! ఇది వట్టి మాటగా విడిచిపెట్టలేదు. గ్రాంథికమునకు కాపుగాసిన పండితుల పుస్తకములనే తీసికొని, వారు నమ్మిన వ్యాకరణసూత్రములకే విరుద్ధముగా వారి కలమునుండి జారిన ప్రయోగములను పుట సంఖ్యలతో ఏరి చూపిరి. గురువులకే సాధ్యముకాని దానిని పదునైదేండ్ల బాలుడు మూడు గంటలలో వ్రాయవలెననుట ధర్మమా యని అడిగిరి. ఈ ఉదాహరణములతో నిండిన ఆయన గ్రంథమునకు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అని పేరు. పేరులోనే కొంత ఎత్తిపొడుపు కలదు. వాదమున ఆయన మృదువైన మనిషి కాడు.

విశ్వవిద్యాలయమువారు నియమించిన సంఘములోను ఈ చర్చయే సాగినది. ఆ సంఘమున అప్పారావుగారు అల్పసంఖ్యాకులై, 1914లో తమ అసమ్మతిని సుదీర్ఘముగా వ్రాసి సమర్పించిరి. అది గొప్ప గ్రంథమైనది గాని, తీర్పును మార్పలేకపోయెను. 1915లో ప్రభుత్వమువారు తమ ఉత్తరువును వెనుకకు తీసికొనిరి. వ్యాసమును ఆధునికభాషలో వ్రాయు స్వేచ్ఛ రెండు మూడేండ్లకే విద్యార్థుల చేజారిపోయెను. ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన అప్పారావుగారు కాలధర్మము చెందిరి. పరీక్షలో ఓటమియు, ప్రాణమిత్రుని మరణమును రామమూర్తిగారిని ఒక్కమారే కమ్ముకొనినవి. అప్పటికి వారికి ఏబదిరెండేండ్లు, చెవులు వినరావు, ఉద్యోగము లేదు.

అచ్చటినుండి ఇరువదియైదేండ్లు వారు చేసిన పని ఒక్కడు చేసిన పనియా యని ఆశ్చర్యము కలుగును. ప్రభుత్వమును నమ్ముకొనుట మాని, ఊరూర తిరిగి జనులను ఒప్పింప బూనుకొనిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను స్థాపించిరి. అది ఒక సంవత్సరము మాత్రమే నడచెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరములో వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. దానికి కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసిన వీరేశలింగముగారు చివరిదశలో వాడుకభాష పక్షమునకు వచ్చుట రామమూర్తిగారికి కొండంత బలము. కాని ఆ మహనీయుడు మూడు నెలలకే, మే 27వ తేదీన, పరమపదించిరి.

సభలలో రామమూర్తిగారి పద్ధతి చూడదగినది. పుస్తకముల మూటతో వేదిక యెక్కుదురు. ఎదిరివారి ఆక్షేపణము చెవికి సరిగా వినబడదు. అయినను వారు అడుగబోవునదేదో ముందే యెరిగి, దానికి తగిన ప్రయోగమును ప్రాచీనగ్రంథమునుండి తీసి చూపుదురు. 1925లో తణుకులో జరిగిన సాహిత్యసభలో నాలుగు గంటలసేపు ఈ విధముగా ఉపన్యసించి, వినవచ్చినవారిని తమవైపు త్రిప్పుకొనిరి. దానికి ముందు సంవత్సరముననే, కాకినాడలో, ఒకప్పుడు తమ్ము ఎదిరించిన ఆంధ్రసాహిత్యపరిషత్తే వాడుకభాషపై తాను విధించుకొన్న నిషేధమును తొలగించుకొనెను. యువకవులు, కథారచయితలు ఒక్కరొక్కరుగా వాడుకభాషలో వ్రాయసాగిరి. బాలకవి శరణ్యము, గద్యచింతామణి మొదలగు రచనలతో రామమూర్తిగారు వారికి అండగా నిలిచిరి. 1933లో వారి మిత్రులు, అభిమానులు సన్మానముచేసి, దేశ విదేశ పండితుల వ్యాసములతో ఒక సంపుటమును కూర్చి వారికి అర్పించిరి.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి దానిలో చేరెను. ఈ చేరికను వ్యతిరేకించినవారిలో రామమూర్తిగారును ఒకరు. పదునేడవయేట అడుగుపెట్టి, ఏబదియారేండ్లు నివసించిన ఆ యూరిని విడిచి, డెబ్బదిమూడవయేట వారు రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. సవర నిఘంటువు అచ్చయి వారి చేతికి వచ్చినది ఈ ప్రవాసముననే.

1940 జనవరి 15వ తేదీన మద్రాసులో పత్రికా సంపాదకులను కలిసికొని, పత్రికలన్నియు వాడుకభాషలోనికి రావలెనని ఒక విన్నపము చేసికొనిరి. అప్పటికే పత్రికలలో మార్పు ప్రారంభమైయుండెను గాని, బడులును పరీక్షలును కదలలేదు. ఆ విన్నపము చేసిన వారము దినములకు, జనవరి 22వ తేదీన, రామమూర్తిగారు కన్నుమూసిరి. 1915లో కొట్టివేయబడిన ఆ ఉత్తరువులోని స్వేచ్ఛ తెలుగు పాఠ్యపుస్తకములకు స్థిరముగా దక్కుటకు, ఆయన తరువాత ఇంకను ముప్పదియేండ్లు పట్టినది. నేడు తెలుగువారు ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.